మట్టిలో దొరికిన బ్యాక్టీరియా కొత్త జాతి అని తేల్చడం ఎలా?

ప్లేట్ (బ్యాక్టీరియాను పెంచే మూత పళ్లెం) మీద ఎప్పుడూ చూడని రంగులో ఒక కాలనీ (కంటికి కనిపించేంతగా పెరిగిన బ్యాక్టీరియా ముద్ద) కనిపించగానే "ఇది కచ్చితంగా కొత్తదే" అనిపిస్తుంది. రంగును నమ్మకండి. ఒకే బ్యాక్టీరియా ఒక మీడియా (ప్లేట్‌లో పోసే ఆహారం) మీద పసుపుగా, ఇంకో మీడియా మీద తెల్లగా పెరగొచ్చు. బొత్తిగా సంబంధం లేని రెండు బ్యాక్టీరియాల కాలనీలు పక్కపక్కన పెడితే కవలల్లా ఉండొచ్చు. కొత్త జాతి అని చెప్పాలంటే, ఇప్పటిదాకా పేరు పెట్టిన జాతుల్లో దీనికి దగ్గరివన్నీ వరసపెట్టి చూసి, వాటిలో ఇది ఏదీ కాదని చూపించాలి. పనంతా పోలికలోనే ఉంటుంది.

గ్రాము మట్టిలో వందల కోట్ల బ్యాక్టీరియా, వేల రకాలు ఉండొచ్చు. వాటిలో మామూలు పద్ధతుల్లో ప్లేట్ మీద పెరిగేవి చాలా కొద్ది, తరచూ నూటికి ఒక వంతు అంటుంటారు. కాబట్టి కొత్తది దొరకడం అంత అరుదేమీ కాదు. దాన్ని నిలబెట్టడమే కష్టం. అందుకే ఖర్చు తక్కువైన పరీక్షలు ముందు, ఖర్చెక్కువైనవి చివర పెట్టుకోండి. పాతవని తేలేవన్నీ మొదటి వారాల్లోనే రాలిపోవాలి.

మట్టి తెచ్చే ముందు

ఎక్కడ తవ్వబోతున్నారో ఆ దేశపు జీవవైవిధ్య చట్టం ఏమంటుందో ముందు చూసుకోండి. 2014 అక్టోబరు 12 నుంచి నగోయా ప్రోటోకాల్ (జీవ వనరుల వాడకానికీ లాభాల పంపకానికీ సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం) అమల్లో ఉంది. అనుమతి కాగితాలు లేకపోతే తర్వాత కల్చర్ కలెక్షన్లు (సూక్ష్మజీవులను దాచి, అడిగినవాళ్లకు ఇచ్చే సంస్థలు) మీరు వేరుచేసిన బ్యాక్టీరియాను, అంటే మీ స్ట్రెయిన్‌ను తీసుకోవు. అన్ని పరీక్షలూ అయ్యాక చివర్లో అనుమతి కోసం పరిగెత్తడం పెద్ద తలనొప్పి.

పైన ఉన్న ఆకులు, చెత్త పక్కకు నెట్టి, 5 నుంచి 15 సెంటీమీటర్ల లోతు నుంచి శుభ్రమైన పనిముట్టుతో మట్టి తీయండి. ఒకే గుంట నుంచి తీసే బదులు దగ్గర దగ్గరగా నాలుగైదు చోట్ల తీసి కలపండి. అక్కడికక్కడే రాసుకోవాల్సినవి: తేదీ, అక్షాంశ రేఖాంశాలు, లోతు, ఉష్ణోగ్రత, మట్టి రకం, దాని మీద ఏం పెరుగుతోంది. పీహెచ్, తేమ ల్యాబ్‌లో కొలవొచ్చు. ఇవన్నీ చివర్లో జాతి వర్ణనలోకి ఎక్కుతాయి, కాబట్టి జ్ఞాపకం మీద వదిలేయకండి. మట్టిని 4 డిగ్రీల దగ్గర ఉంచి, వీలైతే రెండు మూడు రోజుల్లోనే వాడేయండి.

ప్లేట్ల దగ్గర ఓపిక

10 గ్రాముల మట్టిని 90 మి.లీ. స్టెరైల్ సెలైన్‌లో వేసి, అరగంట షేకర్ మీద తిప్పండి. అందులోంచి 1 మి.లీ. తీసి 9 మి.లీ. సెలైన్‌లో కలిపితే నూరో వంతు. ఇలా పదిలక్షల వంతు దాకా పల్చన చేసుకుంటూ పోయి, చివరి మూడు నాలుగు గొట్టాల నుంచి 0.1 మి.లీ. చొప్పున ప్లేట్ల మీద పరచండి. లెక్క కోసమైతే 30 నుంచి 300 కాలనీలున్న ప్లేట్ మంచిది. మనకు కావాల్సింది కొత్తది కాబట్టి నేనైతే ఇంకా తక్కువ, కాలనీలు దూరం దూరంగా ఉన్న ప్లేట్లనే చూస్తాను. గబగబా పెరిగేవి పక్కవాటి మీదకు పాకేస్తాయి. మట్టిలోని కొన్ని బాసిల్లస్‌లు రాత్రికి రాత్రే సగం ప్లేట్ ఆక్రమిస్తాయి.

మీడియా ఎంత పోషకాలతో నిండి ఉంటే అంతగా పాత మొహాలే కనిపిస్తాయి. మట్టిలో బ్యాక్టీరియా ఎక్కువ భాగం పస్తుల్లోనే బతుకుతుంది, దానికి ఒక్కసారిగా విందు పెడితే పడదు. న్యూట్రియెంట్ బ్రాత్‌ను నూరో వంతుకు పల్చన చేసి వాడండి. లేదా ఆర్2ఏ అగార్ వాడండి. అది 1985లో తాగునీటిలోని బ్యాక్టీరియా కోసం తయారైంది గానీ మట్టికీ బాగా పనికొస్తుంది. మట్టినే నీళ్లలో ఉడికించి వడకట్టిన సారంతో చేసిన అగార్ కూడా మంచిదే. ఫంగస్ కమ్మేయకుండా మి.లీ.కి 50 నుంచి 100 మైక్రోగ్రాముల సైక్లోహెక్సిమైడ్ కలుపుతారు. అది మనుషులకూ విషమే, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. అగార్‌నూ ఫాస్ఫేట్‌నూ ఒకే ఫ్లాస్క్‌లో ఆటోక్లేవ్ చేస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. దాంతో కొన్ని సున్నితమైన బ్యాక్టీరియాలు ప్లేట్ మీద అసలు లేవవు. 2014లో జపాన్ పరిశోధకులు దీన్ని స్పష్టంగా చూపించారు. ఫాస్ఫేట్ ద్రావణాన్ని వేరే సీసాలో ఆటోక్లేవ్ చేసి, రెండూ కాస్త చల్లారాక కలపండి. పైసా ఖర్చు లేని మార్పు ఇది. అగార్ బదులు జెల్లన్ గమ్ వాడినా కొత్తవి బయటపడే అవకాశం పెరుగుతుంది.

ప్లేట్లను 25 నుంచి 28 డిగ్రీల దగ్గర, ఎండిపోకుండా మూసి పెట్టండి. రెండు రోజులకే కాలనీలు ఏరేసి ప్లేట్లు పారేయకండి. వారానికోసారి ప్లేట్‌ను తిరగేసి, ఆ రోజు కనిపించిన కాలనీలన్నిటికీ అడుగున ఒక రంగు పెన్నుతో చుక్కలు పెట్టండి. వచ్చే వారం ఇంకో రంగు. మూడు, నాలుగు వారాల తర్వాత కొత్తగా లేచినవే మీకు ముఖ్యం. వాటిలో చాలావరకు గుండుసూది తలంత కూడా ఉండవు. లైటును పక్కనుంచి వాలుగా పడేట్టు పెట్టి, ప్లేట్‌ను నెమ్మదిగా తిప్పితే నీటి బిందువుల్లా మెరుస్తాయి, ఎదురుగా చూస్తే కనపడవు. అసిడోబ్యాక్టీరియా లాంటి గుంపులు ఇలా ఆలస్యంగానే వస్తాయి, కొన్నిటికి గాలిలో కార్బన్ డయాక్సైడ్ కాస్త ఎక్కువ కావాలి.

ఒక జాగ్రత్త. మీ చేతిలో ఉన్నది ఏమిటో ఇంకా తెలియదు. అది తెలిసేదాకా రోగం కలిగించే బ్యాక్టీరియాను చూసినట్టే చూడండి. మట్టివాసన వస్తోందా అని ప్లేట్ మూత తీసి వాసన చూసే అలవాటు ఉంటే మానుకోండి.

ఒక్కటే ఉందా, రెండున్నాయా?

ఎంచుకున్న కాలనీని కనీసం మూడుసార్లు వరసగా స్ట్రీక్ చేయాలి, అంటే తీగ లూప్‌తో కొత్త ప్లేట్ మీద గీతలుగా పల్చగా పరచాలి. ప్రతిసారీ విడిగా ఉన్న ఒక్క కాలనీనే తీసుకోవాలి. మట్టి బ్యాక్టీరియాలో కొన్ని జిగురు కారుస్తాయి, ఆ జిగురులో ఇంకోటి దాక్కుంటుంది. మూడో స్ట్రీక్ కూడా బాగానే కనిపించి, నెల తర్వాత పాత ప్లేట్ మీద వేరే రంగు కాలనీలు లేవడం ఈ పనిలో మామూలే. అందుకే పోషకాలు ఎక్కువున్న మీడియా మీద ఒకసారి, తక్కువున్న దాని మీద ఒకసారి స్ట్రీక్ చేసి, రెండిట్లోనూ మైక్రోస్కోప్‌లో ఒకే రకం కణాలు ఉన్నాయో లేదో చూడండి.

శుద్ధమైందని తేలిన రోజే 20% గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల దగ్గర కనీసం నాలుగైదు వయల్స్ దాచండి. రేపు చేద్దాం అనుకోవద్దు. ఇకపై ఏ పరీక్షకైనా ఆ స్టాక్ నుంచే మొదలుపెట్టండి. ప్లేట్ నుంచి ప్లేట్‌కు నెలల తరబడి మారుస్తూ పోతే బ్యాక్టీరియా మారిపోతుంది. రంగు పోవచ్చు, స్పోర్లు వేయడం మానేయొచ్చు.

16ఎస్ జీన్: మొదటి వడపోత

16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జీన్ (రైబోజోమ్‌లోని ఒక ఆర్‌ఎన్‌ఏకు మూలమైనది) అన్ని బ్యాక్టీరియాల్లోనూ ఉంటుంది, పొడవు డీఎన్‌ఏ అక్షరాల్లో చెబితే దాదాపు 1,500 బేస్‌ల పొడవు. కొన్ని భాగాలు అందరిలో ఒకేలా, కొన్ని జాతి జాతికీ మారుతూ ఉంటాయి. 1977లో కార్ల్ వూస్, జార్జ్ ఫాక్స్ ఆర్కియాను (బ్యాక్టీరియాలా కనిపించే వేరే సూక్ష్మజీవులను) బ్యాక్టీరియా నుంచి విడదీసి చూపించింది ఈ ఆర్‌ఎన్‌ఏ పోలికలతోనే.

డీఎన్‌ఏ తీసి, 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో (జీన్ రెండు చివర్లకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) పీసీఆర్ చేసి ఆ జీన్ కాపీలు పెంచండి. జెల్ మీద 1,500 దగ్గర ఒక్కటే బ్యాండ్ రావాలి. శాంగర్ సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలు చదివే పద్ధతి) చేస్తే ఒక్క రీడ్‌లో నమ్మదగినంతగా 700 నుంచి 900 బేస్‌లే వస్తాయి. కాబట్టి రెండు చివర్ల నుంచీ చదివించి, మధ్యలో ఇంకో ప్రైమర్‌తో అతికించండి. 700 బేస్‌ల ముక్క పట్టుకుని కొత్త జాతి అని ప్రకటించే వాళ్లు ఇంకా ఉన్నారు. దానికి విలువ లేదు.

ల్యాబ్ పంపిన అక్షరాల ఫైలు చూసి సరిపెట్టుకోకండి, క్రోమటోగ్రామ్ (ఒక్కో అక్షరాన్ని ఒక్కో రంగు శిఖరంగా చూపే గ్రాఫ్) తెరవండి. మొదటి 30, 40 బేస్‌లు గజిబిజిగా ఉండటం సహజం, వాటిని కత్తిరించేయండి. తర్వాతి శిఖరాలు ఒక్కొక్కటిగా, నిటారుగా, మధ్యలో ఖాళీతో ఉండాలి. ఒకే చోట రెండు రంగుల శిఖరాలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తూ, అది మొత్తం పొడవునా కొనసాగితే మీ కల్చర్‌లో రెండు బ్యాక్టీరియాలున్నాయి. మళ్లీ స్ట్రీకింగ్‌కు వెళ్లండి. ఎక్కడో ఒకటి రెండు చోట్ల మాత్రమే అలా ఉంటే కంగారు పడకండి. ఒకే బ్యాక్టీరియాలో ఈ జీన్ చాలా కాపీలుగా ఉండొచ్చు, ఈ.కోలైలో 7, బాసిల్లస్ సబ్టిలిస్‌లో 10. ఆ కాపీల మధ్య చిన్న చిన్న తేడాలుంటాయి.

ఇప్పుడు ఆన్‌లైన్ డేటాబేస్‌లలోని వరసలతో పోలిక. ఎన్‌సీబీఐ బ్లాస్ట్‌లో వేస్తే పైన వచ్చే వరసలు చాలావరకు పేరు లేనివో, ఎవరో తప్పుడు పేరుతో పెట్టినవో అయి ఉంటాయి. వాటితో 100% కలిసినా, అది పేరున్న జాతి అని అర్థం కాదు. మీరు పోల్చాల్సింది టైప్ స్ట్రెయిన్లతో, అంటే ఒక్కో జాతికి ప్రమాణంగా నిర్ణయించిన స్ట్రెయిన్లతో. అందుకు ఈజ్‌బయోక్లౌడ్ అనే డేటాబేస్ సులువైన దారి. బ్లాస్ట్‌లోనైతే టైప్ మెటీరియల్‌కే పరిమితం చేసే ఎంపిక ఉంది, అది టిక్ చేయండి.

వచ్చిన శాతాన్ని ఇలా చదవాలి. 98.7% కంటే తక్కువైతే కొత్త జాతి అయ్యే అవకాశం గట్టిగా ఉంది. 98.7% లేదా అంతకన్నా ఎక్కువైతే ఈ జీన్ ఒక్కటే ఏమీ తేల్చలేదు, జీనోమ్ పోలిక తప్పదు. పాత పేపర్లలో 97% అనే గీత కనిపిస్తుంది, అది 1994 నాటిది. 2006లో దాన్ని 98.7–99 శాతం మధ్యకు జరిపారు. కాబట్టి 97.5% వచ్చిందని నిరాశపడక్కర్లేదు, 99.3% వచ్చిందని వదిలేయక్కర్లేదు కూడా. బాసిల్లస్ సెరియస్, బాసిల్లస్ ఆంత్రాసిస్, బాసిల్లస్ తురింజియెన్సిస్ మూడిటి 16ఎస్ దాదాపు ఒకటే. అయినా ఆ మూడూ వేరువేరు పేర్లతోనే ఉన్నాయి.

దగ్గరి టైప్ స్ట్రెయిన్లు ఒక ఇరవై ముప్ఫై, ఆ ప్రజాతికి (జీనస్‌కు) టైప్‌గా ఉన్న జాతి, బయటి గుంపు నుంచి ఒకటి తీసుకుని చెట్టు (వంశవృక్షం) గీయండి. నైబర్ జాయినింగ్, మాక్సిమమ్ లైక్లీహుడ్ రెండు పద్ధతుల్లోనూ, 1,000 బూట్‌స్ట్రాప్‌లతో (కొమ్మలు ఎంత నిలకడగా ఉన్నాయో చూసే పునఃపరీక్షలతో). మెగా సాఫ్ట్‌వేర్ ఉచితం. రెండు చెట్లలోనూ మీ స్ట్రెయిన్ ఒకే కొమ్మ మీద కూర్చుంటే స్థానం మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ఒక చెట్టులో ఇక్కడ, ఇంకోదాంట్లో అక్కడ ఉంటే ప్రజాతి గురించి ఇప్పుడే ఏమీ రాయకండి.

ప్రొటీన్ల బరువులను బట్టి బ్యాక్టీరియాను గుర్తించే మాల్డి-టాఫ్ యంత్రం అందుబాటులో ఉంటే, ఒకే మట్టి నుంచి తీసిన నూట యాభై ఐసొలేట్లలో (వేరుచేసిన బ్యాక్టీరియాల్లో) ఏవేవి ఒకటే రకమో ముందే గుంపులు కట్టుకోవడానికి అది భలే పనికొస్తుంది. కానీ దాని డేటాబేస్ ప్రధానంగా ఆసుపత్రి బ్యాక్టీరియాతో నిండినది. "గుర్తించలేకపోయాను" అని అది చెబితే కొత్త జాతి దొరికిందని సంబరపడొద్దు.

జీనోమ్: తీర్పు ఇక్కడే

పూర్వం ఇక్కడ డీఎన్‌ఏ-డీఎన్‌ఏ హైబ్రిడైజేషన్ చేసేవాళ్లు. రెండు స్ట్రెయిన్ల డీఎన్‌ఏను వేడిచేసి విడదీసి, ఒకదానితో ఒకటి ఎంత అతుక్కుంటుందో కొలిచేవాళ్లు. 70% దాటితే ఒకే జాతి అని 1987లో ఖాయం చేశారు. ఒక్కో జంటకు రోజుల పని, పైగా ఒక ల్యాబ్‌లో వచ్చిన అంకె ఇంకో ల్యాబ్‌లో రాదు. ఇప్పుడు ఆ టెన్షన్ లేదు. జీనోమ్ చదివించి కంప్యూటర్‌లో పోల్చేస్తే సరి. జాతి వర్ణనకు జీనోమ్ ఇప్పుడు తప్పనిసరి లాంటిదే.

ఇల్యూమినా రీడ్‌లతో వచ్చే డ్రాఫ్ట్ జీనోమ్ చాలు. దానికి నానోపోర్ రీడ్‌లు కూడా కలిపితే పూర్తి వలయంగా వస్తుంది. కవరేజ్ (ఒక్కో అక్షరాన్ని సగటున ఎన్నిసార్లు చదివారన్నది) కనీసం 50 రెట్లు ఉండాలి. అసెంబ్లీ రాగానే చెక్‌ఎం లాంటి ప్రోగ్రాంలో వేసి, పూర్తిదనం 95% పైన, కలుషితం 5% లోపు ఉందో లేదో చూడండి. శుద్ధమైన కల్చర్‌కు నిజానికి కలుషితం 1, 2 శాతం దాటకూడదు, దాటితే అనుమానించండి.

తర్వాత చేయాల్సిన పని చిన్నదే గానీ పరువు కాపాడేది. జీనోమ్‌లోంచి 16ఎస్ జీన్‌ను బయటికి తీసి, ముందు శాంగర్‌లో చదివించిన దానితో పక్కపక్కన పెట్టండి. రెండూ కలవాలి. కలవకపోతే ట్యూబులు మారాయి, లేదా కల్చర్ మారింది. డీఎన్‌ఏ పంపేటప్పుడు లేబుళ్లు తారుమారవడం ఎక్కడైనా జరిగేదే. ఇది చూసుకోకపోతే ఒక బ్యాక్టీరియా జీనోమ్‌ను ఇంకో బ్యాక్టీరియా వర్ణనకు అంటగట్టి, ఏళ్ల తరబడి సరిదిద్దలేని గందరగోళం మిగులుస్తారు.

పోలికలో చూడాల్సిన అంకెలు రెండు. మొదటిది ఏఎన్‌ఐ, అంటే రెండు జీనోమ్‌లలో ఉమ్మడిగా ఉన్న భాగాలు సగటున ఎంత శాతం కలుస్తాయి అన్నది. 95 నుంచి 96 శాతం జాతి సరిహద్దు. రెండోది డిజిటల్ డీడీహెచ్, అంటే పైన చెప్పిన హైబ్రిడైజేషన్‌ను కంప్యూటర్‌లో లెక్కగట్టడం, సరిహద్దు పాత 70 శాతమే. జర్మనీలోని డీఎస్ఎంజెడ్ అనే కల్చర్ కలెక్షన్ నడిపే టైగ్స్ అనే సర్వర్‌లో మీ జీనోమ్ పెడితే దగ్గరి టైప్ స్ట్రెయిన్లను అదే వెతికి ఈ లెక్క చేసిపెడుతుంది. మూడు ఫార్ములాల్లో జవాబులిస్తుంది. డ్రాఫ్ట్ జీనోమ్ అయితే రెండో ఫార్ములా అంకె తీసుకోండి, జీనోమ్ కాస్త అసంపూర్తిగా ఉన్నా దాని మీద ప్రభావం ఉండదు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. మీ స్ట్రెయిన్‌కు దగ్గరివి మూడు టైప్ స్ట్రెయిన్లు. మొదటిదానితో 16ఎస్ 99.1%, రెండోదానితో 98.8%, మూడోదానితో 97.9%. మొదటిదానితో ఏఎన్‌ఐ 88 వచ్చింది, డిజిటల్ డీడీహెచ్ 35. అంటే అది కాదు. ఇక్కడితో ఆగిపోయి పండగ చేసుకుంటే దెబ్బ తింటారు. రెండోదానితో ఏఎన్‌ఐ 96.8 రావచ్చు. అప్పుడు మీది ఆ రెండో జాతికి చెందిన ఇంకో స్ట్రెయిన్ మాత్రమే, కొత్తది కాదు. 16ఎస్‌లో ముందున్నది జీనోమ్‌లో కూడా ముందే ఉండాలని ఎక్కడా లేదు. 98.7% దాటిన ప్రతి టైప్ స్ట్రెయిన్‌తోనూ పోల్చాలి, వాటిలో ఒకదానికి జీనోమ్ ఇంకా ఎవరూ చదవకపోతే దాన్ని తెప్పించి మీరే చదివించాలి.

ఏఎన్‌ఐ 94.5, 95.5 దగ్గర ఆగితే? ఏఎన్‌ఐ, డిజిటల్ డీడీహెచ్ రెండూ ఒకే మాట చెబుతున్నాయేమో చూడండి. రెండూ కింద ఉంటే ముందుకెళ్లొచ్చు. ఒకటి పైన ఒకటి కింద ఉంటే, స్పష్టమైన శారీరక తేడాలు దొరికితే తప్ప కొత్త పేరు జోలికి పోకపోవడమే నయం. పుట్టిన రెండేళ్లకే పాత జాతిలో కలిపేసే పేర్లు శాస్త్రానికి భారమే.

పక్కన పెట్టి చూడటం

జీనోమ్ వచ్చాక ఇక కణాన్ని చూడటం ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఎందుకంటే, జీన్ ఉన్నంత మాత్రాన అది పనిచేస్తుందని కాదు. పైగా రేపు ఇంకో ల్యాబ్‌లో ఎవరికో ఇదే బ్యాక్టీరియా దొరికితే పోల్చుకోవడానికి మీ వర్ణనే ఆధారం.

ఇక్కడ ఒక్క నియమం కచ్చితంగా పాటించండి. దగ్గరి జాతుల టైప్ స్ట్రెయిన్లను కల్చర్ కలెక్షన్ నుంచి తెప్పించి, మీ స్ట్రెయిన్‌తో పాటు ఒకే రోజు, ఒకే మీడియా, ఒకే ఇంక్యుబేటర్‌లో పరీక్షించండి. పాత పేపర్లలోంచి "ప్లస్", "మైనస్"లు ఎత్తి పట్టికలో నింపితే ఆ పట్టిక దేనికీ కొరగాదు. వాళ్లు 30 డిగ్రీల దగ్గర చేసి ఉంటారు, మీరు 25 దగ్గర.

గ్రామ్ స్టెయిన్ చేయండి, అనుమానముంటే 3% పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కణాలు కలిపి లూప్ పైకెత్తండి. తీగలా సాగితే గ్రామ్ నెగటివ్. కల్చర్ ముదిరితే గ్రామ్ పాజిటివ్‌లు కూడా గులాబీ రంగుకు తిరుగుతాయి, అందుకే తాజా కల్చరే వాడండి. కణం ఆకారం, కొలతలు, కదలిక, స్పోర్లు మామూలు మైక్రోస్కోప్‌లో, కశాభాలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడాలి. క్యాటలేజ్, ఆక్సిడేజ్ ఎంజైముల పరీక్షలు కూడా చేయాలి. ఏ ఉష్ణోగ్రతల మధ్య పెరుగుతుంది, ఎక్కడ బాగా పెరుగుతుంది? పీహెచ్ 4 నుంచి 11 దాకా, ఉప్పు 0 నుంచి 10% దాకా ఇలాగే చూడండి. పీహెచ్ పరీక్షలో బఫర్ తప్పనిసరి. బఫర్ లేకపోతే బ్యాక్టీరియా పెరుగుతూ పెరుగుతూ పీహెచ్‌ను తనకు నచ్చిన చోటికి లాక్కుంటుంది, మీరు 5 దగ్గర పెరిగిందని రాస్తారు, నిజానికి అది 6.5 దగ్గర పెరిగి ఉంటుంది. ఏ చక్కెరలు తింటుంది, ఏ ఎంజైములున్నాయి అన్నదానికి ఏపీఐ స్ట్రిప్‌లు, బయోలాగ్ ప్లేట్లు ఉన్నాయి. నెమ్మదిగా పెరిగే మట్టి బ్యాక్టీరియాకు తయారీదారు చెప్పిన 24, 48 గంటలు చాలకపోవచ్చు. ఎన్ని గంటలు ఉంచారో రాయండి, మూడుసార్లు చేసి ఒకే జవాబు వచ్చినదే పట్టికలో పెట్టండి.

కణం లోపలి రసాయనం

కొవ్వు ఆమ్లాలు, శ్వాసక్రియలో పాల్గొనే క్వినోన్లు, పోలార్ లిపిడ్లు, గ్రామ్ పాజిటివ్ అయితే కణకుడ్యంలోని పెప్టిడోగ్లైకాన్ రకం, ఆక్టినోబ్యాక్టీరియా అయితే కణంలోని చక్కెరలు. ఇవి ప్రధానంగా ప్రజాతి స్థాయిలో పనికొస్తాయి. బాసిల్లస్‌లో ఎంకే-7 అనే మెనాక్వినోన్, ఫ్లావోబ్యాక్టీరియంలో ఎంకే-6, ఆల్ఫాప్రోటియోబ్యాక్టీరియాలో క్యూ-10 అనే యుబిక్వినోన్ ఉండాలి. 16ఎస్ చెట్టు మీ స్ట్రెయిన్ బాసిల్లస్ అంటోంది, క్వినోన్ మాత్రం క్యూ-10 అంటోంది అనుకోండి, ఎక్కడో కల్చర్ మారిందని గ్రహించండి. కొవ్వు ఆమ్లాలు వయసును బట్టి, వేడిని బట్టి మారతాయి కాబట్టి అన్ని స్ట్రెయిన్లనూ ఒకే దశలో కోయాలి. ఈ పరికరాలు అన్ని ల్యాబ్‌ల్లో ఉండవు, కల్చర్ కలెక్షన్లు డబ్బు తీసుకుని చేసిపెడతాయి. జీ+సీ శాతం (డీఎన్‌ఏలో జీ, సీ అక్షరాల వాటా) మాత్రం వేరే కొలవక్కర్లేదు, జీనోమ్‌లోంచే వస్తుంది.

ఏ ప్రజాతిలో పెట్టాలి?

చాలాసార్లు ఇది తెలిసిపోతూనే ఉంటుంది. చిక్కల్లా 16ఎస్ 94, 95 శాతం దగ్గర ఆగినప్పుడే. 94.5% కింద కొత్త ప్రజాతి కావచ్చని 2014లో ఒక అంచనా ఇచ్చారు గానీ, ప్రజాతికి జాతికి ఉన్నంత గట్టి గీత లేదు. అన్ని బ్యాక్టీరియాల్లో ఒక్కొక్క కాపీగా ఉండే వంద దాకా జీన్లను కలిపి జీనోమ్ చెట్టు గీయండి. జీటీడీబీ అనే జీనోమ్ వర్గీకరణ డేటాబేస్ వాడే 120 జీన్ల సెట్ ఇందుకే ఉంది. ప్రొటీన్ల సగటు పోలిక కూడా చూడండి. అప్పటికీ అనుమానం తీరకపోతే ఉన్న ప్రజాతిలోనే పెట్టండి.

చెట్టు పై కొమ్మల పేర్లు రాసేటప్పుడు కొత్త పేర్లు గుర్తుంచుకోండి. 2021 నుంచి ప్రోటియోబ్యాక్టీరియా అనే ఫైలం అధికారికంగా సూడోమోనాడోటా, ఫర్మిక్యూట్స్ బాసిల్లోటా, ఆక్టినోబ్యాక్టీరియా ఆక్టినోమైసిటోటా అయ్యాయి.

పేరు పెట్టడం

పేరు లాటిన్‌లో ఉండాలి, ప్రజాతి లింగానికి విశేషణం కుదరాలి. సూడోమోనాస్ స్త్రీలింగం కాబట్టి సూడోమోనాస్ ప్యుటిడా, క్లాస్ట్రీడియం నపుంసకం కాబట్టి క్లాస్ట్రీడియం బ్యుటిరికం. మట్టి నుంచి వచ్చిందని చెప్పాలంటే సోలై, టెర్రే లాంటివి వాడతారు, ఊరి పేరైతే చివర ఎన్సిస్ లేదా ఎన్సే చేరుతుంది. మీ పేరో, తోటి రచయిత పేరో పెట్టుకోకండి, బ్యాక్టీరియా నామకరణ నియమావళి వద్దంటుంది. లాటిన్ తెలిసినవాళ్లకు ఒకసారి చూపించండి. ఎల్‌పీఎస్ఎన్ అనే జాబితాలో ఆ పేరు ఇప్పటికే ఉందేమో వెతకండి. ఈ జాబితా 1997లో మొదలైంది, ఇప్పుడు డీఎస్ఎంజెడ్ చూసుకుంటోంది. వెతకడానికి రెండు నిమిషాలు పట్టదు.

రెండు దేశాల్లో దాచాలి

ప్రొకార్యోట్ల (బ్యాక్టీరియా, ఆర్కియాల) నామకరణ నియమావళి ప్రకారం 2001 జనవరి 1 నుంచి టైప్ స్ట్రెయిన్‌ను వేరువేరు దేశాల్లోని కనీసం రెండు కల్చర్ కలెక్షన్లలో పెట్టాలి. అడిగిన వాళ్లకు ఆంక్షలు లేకుండా ఇవ్వాలి. పేటెంట్ కోసం దాచిపెట్టిన డిపాజిట్ పనికిరాదు. జర్మనీలో డీఎస్ఎంజెడ్, జపాన్‌లో జేసీఎం, కొరియాలో కేసీటీసీ ఎక్కువమంది వాడేవి. వాళ్లు మీ వయల్‌ను పెంచి, శుద్ధత చూసి, 16ఎస్ సరిపోల్చి, అప్పుడు ధ్రువపత్రం ఇస్తారు. నెలలు పట్టొచ్చు. అందుకే ఏఎన్‌ఐ ఫలితం రాగానే, మిగతా పరీక్షలు జరుగుతుండగానే స్ట్రెయిన్‌ను పంపేయండి. రెండు చోట్ల నుంచీ తెప్పించుకున్న వయల్స్‌ను మీరు కూడా ఒకసారి పెంచి చూసుకోవడం మంచిది.

వీలైతే ఇదే జాతికి చెందిన ఇంకో రెండు మూడు స్ట్రెయిన్లు మీ ప్లేట్లలోనే వెతకండి. ఒక్క స్ట్రెయిన్ మీద రాసిన వర్ణనలో ఏది జాతి లక్షణమో, ఏది ఆ ఒక్కదాని విడ్డూరమో చెప్పలేం. నియమం ఒక్కటి చాలంటుంది, అది వేరే సంగతి.

ఎంత చేసినా ప్లేట్ మీద పెరగకపోతే, మట్టి డీఎన్‌ఏలోంచి కూర్చిన జీనోమ్ మాత్రమే మీ దగ్గర ఉంటే, ఈ నియమావళి కింద అధికారిక పేరు రాదు. "క్యాండిడాటస్" అని ముందు చేర్చి పేరు వాడొచ్చు. 2022లో వచ్చిన సీక్‌కోడ్ అనే ఇంకో నియమావళి జీనోమ్‌నే టైప్‌గా ఒప్పుకుంటుంది.

రాసి పంపడం

పేపర్‌లో అసలు ముఖ్యమైన భాగం చివర్లో వచ్చే ప్రోటోలాగ్, అంటే జాతి వర్ణన. పేరు, దాని వ్యుత్పత్తి, కణం, కాలనీ, పెరుగుదల హద్దులు, రసాయన లక్షణాలు, ఎక్కడి మట్టి, టైప్ స్ట్రెయిన్‌కు రెండు కలెక్షన్లు ఇచ్చిన నంబర్లు, 16ఎస్, జీనోమ్ యాక్సెషన్ నంబర్లు, జీ+సీ శాతం. ఒకే స్ట్రెయిన్‌లో చూసినది "జాతి అంతా ఇంతే" అన్నట్టు రాయకండి.

బ్యాక్టీరియా పేర్లకు అధికారిక జర్నలైన ఐజెఎస్ఈఎంలో అచ్చయితే పేరు నేరుగా చెల్లుబాటు అవుతుంది. వేరే జర్నల్‌లో వేస్తే ఆ పేరు ఇంకా అధికారికం కాదు. ఆ పేపర్‌ను, కలెక్షన్ల ధ్రువపత్రాలను ఐజెఎస్ఈఎంకు పంపి, వాళ్ల వ్యాలిడేషన్ లిస్టులో చేర్పించాలి. చాలామంది ఇది మర్చిపోతారు, వాళ్లు పెట్టిన పేర్లు కొటేషన్ గుర్తుల మధ్యే ఏళ్ల తరబడి ఉండిపోతాయి. పేపర్ అంగీకరించాక, అచ్చుకు ముందు మరోసారి టైప్ స్ట్రెయిన్ల డేటాబేస్‌లో మీ 16ఎస్‌ను, జీనోమ్‌ను వేసి చూడండి. మీరు పని మొదలుపెట్టిన రోజుకీ ఈరోజుకీ మధ్య ఇంకెవరో అదే జాతికి పేరు పెట్టేసి ఉండొచ్చు. అలా జరిగితే ముందు చెల్లుబాటైన పేరే నిలుస్తుంది, మీ స్ట్రెయిన్ ఆ జాతి కిందకు వెళ్తుంది.